బండల ఊరిలో మూడు రోజులు



మామూలుగా మేము ఏదైనా ఊరికి బయలుదేరితే, మా శ్రీమతి సంచి సర్దుకొని మా వెంట వస్తుంది. మేము ముందు నిలబడి మాట్లాడుతాము, ఆమె వెనుక వరుసలో కూర్చుంటుంది. ఈసారి అది తారుమారైంది. ఆమె ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. బేతంచెర్లలో మూడు రోజుల శిక్షణ తరగతులు పడ్డాయి. సంచి పట్టుకొని తోడు వెళ్ళడం మా వంతైంది. పొద్దున ఆమెను తరగతుల దగ్గర దించితే, సాయంకాలం వరకు మాకు ఊరు చూడడమే పని.

బేతంచెర్ల డోన్ నుండి నంద్యాలకు పోయే రైలు మార్గంలో ఉన్న చిన్న పట్టణము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు కర్నూలు నుండి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. మన సీమలో ఈ పేరు ఎరుగని ఇల్లు తక్కువ. వసారాలో, వంటింట్లో, బడిలో పరచిన నాపబండలు ఎక్కడివని అడిగితే చాలామంది బేతంచెర్ల అనే చెబుతారు. మా మందిరములో పరచినవీ అవే. ఏండ్ల తరబడి వాటిమీద నిలబడ్డాము గాని, అవి ఎవరి చేతులమీదుగా వచ్చాయో ఒక్కనాడు తలచలేదు.

మొదటి రోజు గనుల వైపు నడిచాము. కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ సముద్రముండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు ఒండ్రే గట్టిపడి ఈ రాయి అయింది. అట్లమీద అట్లు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే పలుచని బండగా లేస్తుంది. పైమట్టి తీసి, యంత్రముతో నిలువు అడ్డము గీతలుగా కోసి, గడ్డపార పెట్టి పొర లేపుతారు. అక్కడి నుండి ట్రాక్టరులో ఫ్యాక్టరీకి పోతే అంచులు కోసి, నున్నగా పాలిష్ పడతారు. పనికిరాని ముక్కలు దారి పొడుగునా గుట్టలై ఉన్నాయి.

గని గోడ నీడలో సద్ది తింటున్న ఒక పెద్దాయన తలకు కట్టిన తువ్వాలు విప్పి దులిపితే తెల్లని దుమ్ము లేచింది. "ఫ్యాక్టరీలో నీళ్ళు పట్టి కోస్తారు సార్, దుమ్ము లేయదు. ఈడ నీళ్ళు యాడివి? తాగేదానికే ట్యాంకరు రావల్ల" అన్నాడు. పనులు కూడా మునుపటంత లేవన్నాడు. ఊర్లలో కొత్త ఇండ్లకు గుజరాత్ నుండి వచ్చే టైల్సు వేస్తున్నారు. తిరిగి వచ్చేటప్పుడు తాళాలు పడిన పాలిష్ ఫ్యాక్టరీలు మేమే చూశాము.

రెండవ రోజు దగ్గరి కొండల్లోని బిల్వస్వర్గం గుహలకు వెళ్ళాము. సున్నపురాతిని నీరు కరిగించి తొలిచిన గుహలవి. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. వాటిలో ఒక ఖడ్గమృగమునకు శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టారు.

మూడవ రోజు తరగతులు మధ్యాహ్నమే ముగిశాయి. మా శ్రీమతి తానూ గని చూస్తానంది. ఆటోలో వెళ్ళాము. ముద్దవరం దగ్గర బలపపురాయి గనులు కూడా ఉన్నాయని, పలకమీద మనం దిద్దిన బలపం ఈ జాతి రాయేనని దారిలో చెబితే ఆమె సంబరపడింది. ఆ సంబరము గని దగ్గర నిలువలేదు. బండలు మోస్తున్న వారిలో పదునైదేండ్ల పిల్లవాడున్నాడు.

"ఏ తరగతి నాయనా?" అని అడిగింది.

"తొమ్మిది దాకా పోయినా మేడం. నాయనకు ఆయాసం. బండ ఎత్తలేడు. నేను రాకపోతే ఎట్ల?"

మేము చెప్పబోయిన మాట గొంతులోనే ఆగింది. పిల్లలను బడికి పంపండని ఎన్నిసార్లు బోధించలేదు! ఆ ఇంటి పొయ్యి ఎట్లా వెలగాలో మాత్రం చెప్పలేదు.

ఆమె మాలాగా ఊరకుండలేదు. 2016లో సవరించిన చట్టము ప్రకారము పదునెనిమిది ఏండ్లు నిండనివారిని గని పనిలో పెట్టకూడదని మేస్త్రీకి చెప్పింది. పద్నాలుగేండ్లు దాటినవారు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునని పిల్లవానికి వివరించింది. నాయనను పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. "ఏండ్లుగా రాతి పని చేసినాడని డాక్టరుకు తప్పక చెప్పు" అంది. రాతిధూళి వలన వచ్చే ఊపిరితిత్తుల జబ్బును క్షయ అని పొరబడడము కద్దు. దానికి క్షయ మందులు పనిచేయవు. పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు గాని, దుమ్ముకు దూరమైతే జబ్బు ముదరడము తగ్గవచ్చు. చివరికి ఒక కాగితముమీద మా ఫోను నంబరు వ్రాసి వాని చేతిలో పెట్టింది.

తిరుగు రైలులో యోబు గ్రంథము 28వ అధ్యాయము మా తలంపుకు వచ్చింది. మనుష్య సంచారము లేని చోట గని త్రవ్వి వ్రేలాడే కూలివారిని చూపి, జ్ఞానము ఎక్కడ దొరకునని అడిగే అధ్యాయమది. దానిమీద చాలాసార్లు ప్రసంగించాము. ప్రతిసారి జ్ఞానము దగ్గరికి త్వరపడి వెళ్ళామే గాని, ఆ కూలివాని దగ్గర ఒక్క నిమిషము ఆగలేదు.

పిల్లవాని నుండి ఇంతవరకు ఫోను రాలేదు. తెలియని నంబరు మోగితే మా శ్రీమతి వంట వదలి వస్తుంది.

ప్రియులారా, మీ ఊరిలోనూ గనికో, బట్టీకో పోతున్న పిల్లలుంటారు. బడి మానినందుకు వానిని గద్దించక ముందు, వాని ఇంట ఎవరు మంచముమీద ఉన్నారో అడిగి తెలుసుకొనండి. వచ్చే నెల మేము మళ్ళీ బేతంచెర్లకు వెళ్తున్నాము. ఈసారి శిక్షణ తరగతులేమీ లేవు.