పిల్లి శాపాలకు ఉట్టి తెగదు, మన తిట్లకు పిల్లి దిగదు!

పిల్లి లేని ఇల్లు ఉండొచ్చేమో గానీ, పిల్లి ఉన్న ఇంట్లో దాన్ని తిట్టని ఇల్లాలు మాత్రం ఉండదు. "దిగవే! ఛీ, దిగు!" అంటూ రోజుకి పదిసార్లయినా గొంతు చించుకుంటాం. అది మనకేసి ఓసారి తీరిగ్గా చూసి, ఆవులించి, మళ్ళీ సోఫాలోనే ముడుచుకుంటుంది. చీపురు అందుకునేసరికి బీరువా మీదుంటుంది. చీపురు మూలన పెట్టి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ సోఫాలో ప్రత్యక్షం!

సోఫా అయితే దులుపుకుంటాం, దుప్పటయితే ఉతుక్కుంటాం. మరి ఎక్కి కూర్చున్నది మగ్గం మీదయితే?

ఉప్పాడ సంగతే తీసుకోండి. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 2022 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, ఇప్పుడు కాకినాడ జిల్లా. అక్కడ ఓ పక్క చేపల వేట, మరో పక్క చేనేత. ఉప్పాడ జాందానీ చీర పేరు వినని ఆడవాళ్ళుంటారా? 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చీర మీద బుటా అంటే అచ్చు గుద్దింది కాదు, కుట్టింది కాదు. పడుగు పోగుల మధ్య చేత్తో ఒక్కో దారం దూర్చి, నేతలోనే పువ్వు పూయిస్తారు. అందుకే చీర తిరగేసి చూసినా పువ్వు పువ్వులాగే ఉంటుంది. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పని ఎక్కువున్న చీరయితే వారాలూ, నెలలూ పడుతుంది.

చేపలున్న ఊళ్ళో పిల్లులకి కొదవేముంటుంది చెప్పండి? పైగా నేతింటికి పిల్లి అవసరం కూడాను. ఎలుకకి గంజి పెట్టిన నూలన్నా ఒకటే, పట్టన్నా ఒకటే, కొరికి పారేస్తుంది. పిల్లిని తరిమేస్తే ఎలుక బాధ, ఉంచుకుంటే గోళ్ళ బాధ! బిగించిన పడుగు మీదకి పిల్లి ఒక్క గెంతు గెంతిందంటే, గోటికి చిక్కిన పోగులు తెగుతాయి. ఒక్కో పోగూ వెతికి అతుక్కుంటూ కూర్చోవాలి. కూలి పోయేది ఆ ఇంటివాళ్ళకే.

అంటే పిల్లి ఇంట్లో ఉండాలి, మగ్గం మీద ఉండకూడదు. మీ ఇంట్లో మగ్గం లేకపోవచ్చు. కానీ వంటగట్టుంది, భోజనాల బల్ల ఉంది, కుట్టుమిషనుంది, ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలున్నాయి. అన్నిటికీ కిటుకు ఒక్కటే. పిల్లికి "ఎక్కొద్దు" అని నేర్పడం మన తరం కాదు. "ఇక్కడ కాదు, అదిగో అక్కడ ఎక్కు" అని నేర్పడం మాత్రం తేలికే.

అసలెందుకు ఎక్కుతుంది?

మొదటిది వెచ్చదనం. "పొయ్యిలో పిల్లి లేవలేదు" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మనకి ఉక్కపోసే వేడి పిల్లికి హాయిగా ఉంటుంది. టీవీ వెనకాల, ఫ్రిజ్ పైన, ఇప్పుడే మడతపెట్టిన ఇస్త్రీ బట్టల మీద పడుకోవడం అందుకే.

రెండోది ఎత్తు. పైన కూర్చుంటే ఇల్లంతా కనబడుతుంది, కుక్క అందుకోదు, పిల్లలు తోక లాగరు.

మూడోది వాసన. చేపలు కడిగిన గట్టు మన కంటికి శుభ్రంగా కనిపించినా, దాని ముక్కుకి అక్కడ విందు జరుగుతూనే ఉంటుంది.

నాలుగోది మనం! మనం ఎక్కడ కూర్చుని పనిచేసుకుంటే అక్కడికే వస్తుంది. మగ్గం మీదికొచ్చినా, కుట్టుమిషను మీదికొచ్చినా అది మన మీద కక్షతో కాదు, మన పక్కనుందామనే.

మీ పిల్లి వీటిలో దేనికోసం ఎక్కుతోందో రెండురోజులు గమనించండి. కారణం తెలిస్తే సగం పని అయినట్టే.

పిల్లి చదువు

"పిల్లికి నేర్పడం ఎవరివల్లవుతుందండీ, కుక్కయితే వింటుంది గానీ!" అంటారా? పిల్లులు ఎలా నేర్చుకుంటాయో 1898లోనే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన పరీక్షించి చూశారు. ఆకలిగా ఉన్న పిల్లిని ఓ పెట్టెలో పెట్టి, బయట తిండి పెట్టేవారు. లోపలున్న తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో పిల్లి గీరేది, కొరికేది, అన్ని పక్కలా తోసేది. ఎప్పుడో పొరపాటున తాడు తగిలి తలుపు తెరుచుకునేది. అలా మళ్ళీ మళ్ళీ పెట్టగా పెట్టగా పనికిరాని చేష్టలు తగ్గిపోయి, తిన్నగా తాడు దగ్గరకే వెళ్ళడం నేర్చుకున్నాయి.

దీంట్లో మనకి కావలసిన మాట ఇదీ: ఏ పని చేస్తే లాభం వచ్చిందో ఆ పని పిల్లి మళ్ళీ చేస్తుంది, లాభం లేనిది మెల్లగా మానేస్తుంది. మన తిట్లకి ఇందులో చోటే లేదు.

మరి దెబ్బ వేస్తే? పిల్లికి అర్థమయ్యేది "బల్ల ఎక్కితే తప్పు" అని కాదు, "ఈవిడ ఉన్నప్పుడు ఎక్కితే ప్రమాదం" అని! మీరు అటు గుడికెళ్ళగానే ఇటు బల్లెక్కుతుంది. మీదకి నీళ్ళు చల్లినా అంతే. పైగా గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా తిరగబడుతుందంటారు కదా, అది సామెతే కాదు, నిజం కూడాను. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా తేలిగ్గా తీసుకోకండి. రేబిస్ కుక్కల వల్లే కాదు, పిల్లుల వల్ల కూడా వస్తుంది. వెంటనే పావుగంట సేపు ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో కడిగి, డాక్టరు దగ్గరకి వెళ్ళండి. మీ పిల్లికి కూడా పశువుల డాక్టరు చేత రేబిస్ టీకా వేయించండి.

ముందు దానికో పీట వెయ్యండి

పిల్లిని దించే ముందు ఎక్కడానికి దానికో చోటు చూపించాలి. ఓ వెదురుబుట్టో, అట్టపెట్టో తీసుకోండి. అందులో మీరు కట్టి విడిచిన పాత నూలుచీర మడిచి వెయ్యండి. మీ వాసనుంటే దానికి ధైర్యం. ఆ బుట్టని నేలమీద పెడితే మాత్రం పిల్లి దాని మొహం కూడా చూడదు! కిటికీ పక్కన, పొద్దున్న ఎండ పడేచోట, బల్లకంటే కాస్త ఎత్తుగా, కదలకుండా పెట్టండి. మగ్గం ఉన్నవాళ్ళయితే మగ్గం గదిలోంచి మీరు కనిపించే ఎత్తులో పెడితే మరీ మంచిది. దానికి కావలసిన ఎత్తూ దొరికింది, మీ తోడూ దొరికింది!

ఇక పాఠం. పిల్లి బుట్టలోకి ఎక్కగానే, ఎక్కిన ఆ క్షణంలోనే, గోరంత ఉడికించిన చేపముక్క పెట్టండి. ముల్లు తీసెయ్యండి. ఉప్పుచేప వద్దు, ఉల్లి వెల్లుల్లి పడ్డ కూరముక్క అసలే వద్దు, అవి పిల్లికి విషం. ఓ నిమిషం ఆలస్యంగా పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలీదు. సోఫా మీదో, బల్లమీదో కనబడితే అరవకుండా మెల్లగా బుట్టదగ్గరకి పిలవండి. ఎక్కాక ముక్క పెట్టండి. రోజుకి రెండు మూడుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. అలవాటు స్థిరపడ్డాక ముక్క తగ్గించి, "మా తల్లే!" అని గడ్డం కింద గోకితే సరిపోతుంది.

ఎక్కిన చోట ఏమీ దొరక్కూడదు

మన అమ్మమ్మలు పాలమీద పిల్లిని తిడుతూ కూర్చోలేదు, ఉట్టి కట్టారు! ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉట్టి లేకపోయినా ఆ తెలివి మాత్రం కావాలి. గిన్నెలమీద బరువైన మూతలు పెట్టండి. చేపలు కడిగిన నీళ్ళూ, పొలుసూ, తలకాయలూ అప్పటికప్పుడు బయట పారేసి, గట్టు సబ్బుతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. మీరు వంట మొదలుపెట్టే ముందే దాని గిన్నెలో దాని తిండి పెట్టెయ్యండి. కడుపు నిండిన పిల్లికి గట్టుమీద పనేముంది?

మగ్గం మీద గుడ్డ కప్పేస్తే చాలనుకుంటారేమో, అది పిల్లికి ఉయ్యాల కట్టినట్టే! పని ఆపగానే ఆ గది తలుపు వెయ్యడమే మంచిది. తలుపు లేకపోతే ఓ తడికయినా అడ్డం పెట్టండి. సోఫా అయితే పిల్లి పడుకునే చోట కొన్నాళ్ళు అల్యూమినియం రేకుకాగితం పరవండి, లేదా రెండువైపులా అంటుకునే టేపు వెయ్యండి. కాలికింద గరగరలాడేదీ, అంటుకునేదీ చాలా పిల్లులకి నచ్చదు. అలవాటు తప్పాక తీసెయ్యొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఇంటిల్లిపాదీ ఒకే మాటమీద ఉండడం. మీరు పదిరోజులు కష్టపడి బల్లమీంచి దించితే, పదకొండోరోజు మావగారు ముచ్చటపడి కంచంలోంచి ఓ చేపముక్క విసిరారనుకోండి, ఇక అంతే సంగతులు! ఎప్పుడో ఒకసారి దొరుకుతుందన్న ఆశ రోజూ దొరికేదానికంటే బలమైనది. లాటరీ టిక్కెట్లు కొనేవాళ్ళని చూడటం లేదూ?

గోళ్ళ సంగతి

సోఫా గీరడం పిల్లి అల్లరి కాదు, అవసరం. గోటి పైపొర ఊడగొట్టుకోవడానికీ, ఒళ్ళు సాగదీసుకోవడానికీ, తన వాసన అంటించి "ఇది నా చోటు" అని చెప్పుకోవడానికీ గీరుతుంది. గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్ళం, కొబ్బరితాటికి కరువా మనకి? మూడడుగుల కర్రదుంగకి కొబ్బరితాడు వత్తుగా చుట్టి, ఊగకుండా నిలబెట్టి, అది గీరే సోఫా పక్కనే పెట్టండి. దుంగ దొరక్కపోతే గోనెసంచి చుట్టిన బల్లకోడయినా పనికొస్తుంది. పిల్లి నిలువునా సాగి గీరేంత ఎత్తుండాలి, ఊగిందా మళ్ళీ ముట్టుకోదు.

ఇవి మాత్రం వద్దు

పిల్లి రాకుండా సోఫా చుట్టూ ఫినాయిల్ చల్లడం కొన్ని ఇళ్ళల్లో అలవాటు. దయచేసి మానెయ్యండి. ఫినాయిల్లో ఉండే కొన్ని మందుల్ని పిల్లి కాలేయం విరిచెయ్యలేదు. కాలికంటుకున్నది నాకి శుభ్రం చేసుకోవడం దాని స్వభావం, అలా విషం కడుపులోకి పోతుంది. కలరా ఉండలూ, కర్పూరం కూడా అంతే ప్రమాదం. కారం చల్లితే కళ్ళు మండి విలవిల్లాడుతుంది. అదే నేలమీద మీ పసివాడు కూడా పాకుతున్నాడని మర్చిపోకండి.

ఇక మగ్గం ఉన్న ఇళ్ళూ, కుట్టుమిషనున్న ఇళ్ళూ తప్పకుండా గుర్తుంచుకోవలసింది దారం. ఆడుకుంటూ దారం మింగడం పిల్లులకి మామూలే. పిల్లి నాలుకమీద లోపలివైపు తిరిగిన ముళ్ళలాంటివి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారాన్ని ఉమ్మడం దానికి కష్టం. మింగిన దారం ఒకచోట చిక్కుకుంటే పేగు ముడతలు పడి కోసుకుపోతుంది. నోట్లోంచి గానీ, వెనకనుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకండి, కత్తిరించకండి. వెంటనే పశువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి, ఆపరేషన్ అవసరం కావచ్చు. పట్టుపోగులూ, జరీ ముక్కలూ, సూదిలో మిగిలిన దారం ఏ పూటకాపూట డబ్బాలో వేసి మూత పెట్టండి. పిల్లిని మగ్గం మీదికి ఎక్కనివ్వకపోవడం చీరకోసమే కాదు, పిల్లి ప్రాణం కోసం కూడా!

ఇంకొక్క మాట. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా సోఫామీదో, పరుపుమీదో మూత్రం పోస్తుంటే అది పొగరనుకోకండి. మూత్రం జబ్బు కావచ్చు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పొయ్యలేకపోతుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇవన్నీ చేసినా రెండురోజుల్లో మారిపోతుందనుకోకండి. పిల్లిపిల్లయితే త్వరగా పట్టేస్తుంది, ముదురు పిల్లికి వారాలు పట్టొచ్చు. ఈవేళే ఓ బుట్ట వెతకండి. పాత చీర ఒకటి మీ దగ్గర ఎలాగూ ఉండే ఉంటుంది!