వాగు ఇసుక ఎవరి సొత్తు?

ఢిల్లీలోని ధౌలా కువాన్‌కు ఆ పేరు ఒక బావి వల్ల వచ్చింది. ఆ బావిలో తెల్లని ఇసుక ఉండేదనీ, అందుకే దానిని తెల్ల బావి అన్నారనీ చెబుతారు. ఆ ప్రాంతంలోనే 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల కలదు. ఇసుక ఉన్నచోట నీరు నిలుస్తుందన్న సత్యం ఆ పేరులోనే ఉన్నది. కాని నేడు యమున మొదలు మన పల్లె వాగుల వరకు ఇసుక, గులకరాయి లారీలకెక్కి తరలిపోతున్నాయి. ప్రశ్నిస్తే వచ్చే సమాధానం ఒక్కటే: "నా పట్టా, నా హక్కు!"

సోదర ఉద్యోగులారా, ఈ వాదాన్ని పరిశీలించుదాము.

పట్టాదారుకు హక్కు లేదని మేము అనడం లేదు. చట్టం తొలగిస్తే తప్ప భూగర్భ ఖనిజం సాధారణంగా భూమి యజమానికే చెందుతుందని 2013లో త్రేసియమ్మ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వరద మేటవేసిన ఇసుకను తొలగించి మరల నాగలి పట్టదలచిన రైతును దొంగగా చూడడం అన్యాయం. కాని వాగు గర్భం ఎవరి పట్టా? మద్రాసు రాష్ట్రపు 1905 నాటి భూ ఆక్రమణ చట్టమే నదులను, వాగులను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. అనగా అది ప్రజల ఆస్తి. గట్టు మీది పొలానికి పర్మిట్టు చూపి, గట్టు దిగి వాగును తవ్వేవాడు హక్కుదారు ఎట్లా అవుతాడు? అనుమతి లేకుండా నదీగర్భపు ఇసుకను, గులకరాతిని తరలించేవారిపై గనుల చట్టంతోపాటు దొంగతనం నేరం కూడా మోపవచ్చునని 2014లో ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సొంత భూమియైనా హద్దులు కలవు. 1957 నాటి గనుల చట్టం గులకరాతిపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. 5 హెక్టార్ల లోపు లీజులకు సైతం పర్యావరణ అనుమతి తప్పనిసరి అని 2012లో దీపక్ కుమార్ కేసు తేల్చింది. వంతెనలకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వరాదని మన 2004 నాటి వాల్టా నియమాలు శాసించాయి.

ఆ 500 మీటర్లు రైల్వే కార్మికునికి కాగితం మీది అంకె కాదు. వాగు అడుగు దిగితే వంతెన పునాది బయటపడుతుంది. తరువాతి వరద దానిని కోస్తుంది. 2022 ఆగస్టు 20న పఠాన్‌కోట్ - జోగిందర్‌నగర్ మార్గంలో చక్కీ నదిపై రైలు వంతెన వరదలో కూలింది. అక్రమ తవ్వకాలే దానిని బలహీనపరచాయన్న ఆరోపణ బలంగా వినిపించింది. ఆనాడు వంతెనపై రైలు లేదు. ప్రతిసారీ ఉండదని ఎవరు హామీ ఇస్తారు? వానలో గస్తీ తిరిగే ట్రాక్‌మన్‌కా, రైలులో టపా సంచులతో సాగే తపాలా ఉద్యోగికా?

అక్రమ తవ్వకానికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చునని చట్టం చెబుతున్నది. అయితే పట్టుబడేది ట్రాక్టరు డ్రైవరు, తట్ట మోసే కూలీ. యంత్రాల యజమాని, గుత్తేదారు తెర వెనుకనే ఉంటారు. ఇది చట్టపాలన కాదు, చట్టంతో పరిహాసం.

మేట తొలగించుకునే రైతుకు సులభమైన అనుమతి ఇవ్వాలి. వాగు తవ్వే గుత్తేదారును నేరస్థునిగా నిలబెట్టాలి. వంతెనల వద్ద తవ్వకాలపై ట్రాక్‌మన్ ఇచ్చే నివేదికకు వెంటనే చర్య తీసుకోవాలి. పట్టా కాగితం గట్టుతో ఆగుతుంది. వంతెన మీద సాగే ప్రాణాలు అందరివీ!