ఏడాది ఆగమన్నప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టండి

తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఛైర్మన్ గారికి, సభ్యులకు:

భద్రాచలం కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వెళ్లిన భక్తుడి నెత్తి మీద వారం తిరక్కుండానే గరుకు తేలుతుంది. మంగలి కత్తి వెంట్రుకను కోస్తుంది గానీ కుదురు జోలికి పోదు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో అలా కాదు. తల వెనక భాగం నుంచి కుదురునే పెకిలించి, కొంతసేపు బయట ఉంచి, ముందు వైపు గుచ్చుతారు. అలా నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో చాలా వరకు రాలిపోతాయి. కుదురు మాత్రం లోపల సుమారు మూడు నెలలు నిద్రపోతుంది. మూడో నెలలోనో నాలుగో నెలలోనో సన్నటి పోగులు మొదలై, నెలకు 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి. ఫలితం తేలడానికి 12 నెలలు పడుతుంది, నడినెత్తిన ఒక్కోసారి 18 నెలలు కూడా. ఐదో నెలలో అద్దం చూసుకుని మోసపోయానని గొడవకు దిగేవాళ్లు చాలాసార్లు తొందరపడుతున్నట్టే. ఆగండి అని డాక్టరు చెప్పే మాట నిజమే. ఆ మాట చాటున చెడ్డ పని కూడా ఏడాది పాటు హాయిగా దాక్కోగలుగుతోంది, నా ఫిర్యాదు అదీ.

నాటింది ఎందుకు ఎదగదో మీకు నేను చెప్పక్కర్లేదు. పంచ్‌తో తీసేటప్పుడు కుదురు తెగడం, తడి లేక ఆరిపోవడం, ఫోర్సెప్స్ మధ్య నలగడం, ఉన్న చోటుకు మించి కిక్కిరిసి గుచ్చడం, ఇవన్నీ ఆపరేషన్ బల్ల దగ్గర జరిగేవి. కుదురు బయట ఉన్న ఒక్కో గంటకు బతికేవి దాదాపు 1 శాతం తగ్గుతాయని పాత అంచనా ఒకటుంది. రోగి వైపు నుంచి థైరాయిడ్, ఐరన్ లోపం, సిగరెట్ ఉంటాయి. లైకెన్ ప్లానోపైలారిస్ లాంటి, కుదుళ్లను చంపేసి మచ్చ మిగిల్చే జబ్బు ముందే ఉండొచ్చు, అయితే అది కత్తి పట్టకముందే డాక్టరు కనిపెట్టాల్సిన సంగతి. నాటినవి నిలిచినా, జుట్టు రాలకుండా వాడే మందులు మానేస్తే పాత జుట్టు రాలి మొత్తం పలచగా కనిపించవచ్చు. అంతా సవ్యంగా చేసినా ఎందుకు రాలేదో అంతుపట్టని కేసులు కొన్ని ఉంటాయని నిజాయతీ గల సర్జన్లే ఒప్పుకుంటారు. చిక్కేమిటంటే, కారణం ఏదైనా పైకి కనిపించేది అదే పలచటి నెత్తి. ఏది ఏదో విడదీయాలంటే ఆపరేషన్ రోజు లెక్క కావాలి. ఎన్ని గ్రాఫ్టులు (నాటడానికి తీసే కుదుళ్లు) తీశారు, ఎన్ని తెగాయి, ఎన్ని నాటారు, ఒక్కోదాంట్లో ఎన్ని వెంట్రుకలున్నాయి, ఎన్ని గంటలు బయట ఉన్నాయి, తీసిందెవరు, నాటిందెవరు? ధర గ్రాఫ్టుల లెక్కన కడతారు. మత్తింజెక్షన్ తీసుకుని బోర్లా పడుకున్న మనిషి ఆ లెక్క ఎలా సరిచూసుకుంటాడు? కూరగాయల సంతలో కూడా తూకం కళ్ల ముందే వేస్తారు కదా.

ఇక్కడే చట్టంలో ఒక సందు ఉంది. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం డాక్టరు ఇన్‌పేషెంట్ల రికార్డులు 3 ఏళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపేశారు కనుక ఇప్పటికీ నడిచేది ఆ పాతవే. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న మనిషి సాయంత్రానికి తలకు కట్టుతో ఇంటికి వెళ్లిపోతాడు. అతను ఇన్‌పేషెంటే కాదని క్లినిక్ అంటే జవాబేమిటి? మరో పక్క 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువే ఇచ్చింది. అందులో 12 నుంచి 18 నెలలు ఆగడానికే పోతాయి. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు, కానీ ఆ కారణం చూపడానికైనా కాగితం కావాలిగా. అదే చట్టం ఒక మేలు కూడా చేసింది. ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగినా రోగి తాను ఉండే చోటి కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మా భద్రాచలం ఏజెన్సీలోని చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో ఖమ్మం కమిషన్ దాకా వచ్చిన మనిషి దగ్గర ఓ బిల్లు, ఫోన్‌లో నాలుగు ఫొటోలు తప్ప ఏమీ లేకపోతే ఆ మేలు ఎవరికి?

జ్వరాలతో, డోలీ మోతలతో సతమతమయ్యే ఏజెన్సీలో ఈ జుట్టు గోలేమిటని అనేవాళ్లుంటారు. నిజమే, వరసలో ఇది ముందుండే సమస్య కాదు. అయితే నేను ఆసుపత్రి అడగడం లేదు, బడ్జెట్ అడగడం లేదు. పైగా ఇది వట్టి సోకు వ్యవహారమూ కాదు. 2016లో చెన్నైలో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఒక వైద్య విద్యార్థి, 2019లో ముంబైలో చేయించుకున్న ఒక వ్యాపారి ఆ తర్వాత చనిపోయారు. వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది ఈ పనికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. దూరం వల్ల మా వైపు వాళ్లకు నష్టం ఇంకా ఎక్కువ. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. రైలెక్కాలన్నా ముందు కొత్తగూడెం పోవాలి, స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్! మూడో నెల, ఆరో నెల చూపించుకోవడం వాట్సాప్ ఫొటోలతో సరిపెట్టేస్తారు.

ఫలితానికి గ్యారంటీ అడిగితే ఏ డాక్టరూ కత్తి పట్టలేడన్నది బలమైన అభ్యంతరం. వైద్యం ఫలించనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది, సబబే. నేనడిగేది జరిగిన పని రాసివ్వమని మాత్రమే. రోగి మందులు మానేశాడనో, సిగరెట్ మానలేదనో డాక్టరు నిరూపించుకోవాలన్నా అదే కాగితం పనికొస్తుంది. మరి డాక్టరు లేకుండా ఈ పని చేసే టెక్నీషియన్ల మీద, సెలూన్ల మీద కౌన్సిల్‌కు పట్టు లేదంటారా? కాగితం మీద సర్జన్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి చేస్తే, ఆ గడి నింపలేని చోటు తనంతట తనే బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయని 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్‌లో ఉండనే ఉంది.

అందుకని, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేసే ప్రతి డాక్టరూ ఆపరేషన్ రోజు సాయంత్రమే రోగికి సంతకంతో ఒక పేజీ తెలుగులో ఇవ్వాలని కౌన్సిల్ సర్క్యులర్ పంపాలి. పైన చెప్పిన లెక్కలు, ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటోలు, ఏ నెలలో ఏం కనిపించాలో, కనిపించకపోతే ఎప్పుడు రావాలో అందులో ఉండాలి. ఇంకొక్క మాట. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, దాన్ని ఆనుకున్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఇటువాళ్లు విజయవాడకు, అటువాళ్లు హైదరాబాద్‌కు వైద్యానికి పోతూనే ఉంటారు. ఆ పేజీ నమూనా ఖరారు చేసేముందు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌తో కూడా మాట్లాడండి. రెండు చోట్లా ఒకే కాగితం ఉంటే, ఫిర్యాదు ఏ కౌన్సిల్‌కు ఇవ్వాలో అందులోనే అచ్చు వేయవచ్చు.