మాట్లాడే ఫోను – మూగబోయే ప్రకటన

ఇంద్రియాలన్నిటిలో నయనమే ప్రధానమని పెద్దలన్నారు. ఆ నయనమే లేనివారికి చదువు ఎట్లా అందుతుందన్న ప్రశ్నకు సుమారు రెండు శతాబ్దాల క్రితం ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిలీ వేలికొసలతో చదివే లిపిని కూర్చి సమాధానం చెప్పాడు. మన కాలంలో మరొక సమాధానం జేబులోని ఫోను రూపంలో వచ్చింది. అయితే మాట నేర్చిన ఆ ఫోనును మనమే మూగదానిని చేస్తున్నామన్న సంగతి విద్యార్థి మిత్రులూ, కళాశాల సంఘపు పెద్దలూ ఆలోచింపదగినది.

మీటల ఫోన్ల కాలంలో అంధులు ‘టాక్స్’, ‘మొబైల్ స్పీక్’ వంటి సాఫ్ట్‌వేరును వేరుగా సంపాదించి నోకియా ఫోన్లలో వేసుకొనవలసి వచ్చేది. తరువాత నున్నని అద్దపు తెరలు వచ్చాయి. తడిమి గుర్తుపట్టడానికి మీటలే లేవు. ఆ చిక్కును 2009లో ఐఫోనులో ‘వాయిస్‌ఓవర్’, ఆండ్రాయిడ్‌లో ‘టాక్‌బ్యాక్’ తీర్చాయి. ఇవి ఫోనుతోపాటే ఉచితంగా వస్తాయి. వేలు ఆనిన చోట ఉన్నదానిని ఫోను చదువుతుంది. రెండుమార్లు తట్టితే ఆ పని జరుగుతుంది. ఆండ్రాయిడ్‌కు ఈ సౌకర్యం కలిగించడానికి కృషి చేసినవారిలో టి.వి. రామన్ ఒకరు. బాల్యంలోనే చూపు కోల్పోయి, బొంబాయి ఐ.ఐ.టి.లోనూ, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ చదివిన శాస్త్రజ్ఞుడాయన.

ఫోనుకు నోరు వస్తే చాలదు; మన మాట రావాలి. తెలుగు రాతను ధ్వనిగా మార్చేందుకు హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి., మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు శ్రమించారు. ‘ఈస్పీక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగునూ, ఉర్దూనూ కూడా చదువుతుంది. గొంతు కొంత యాంత్రికమే అయినా అర్థానికి లోటు లేదు.

మరి లోటు ఎక్కడ? పరీక్షల తేదీలు, ఫీజు గడువు, స్కాలర్‌షిప్ ప్రకటన – ఇవన్నీ నేడు వాట్సాప్‌లో కాగితపు ఫొటోలుగా వస్తున్నవి. అక్కడ ఫోను ‘చిత్రం’ అని ఊరుకుంటుంది. ‘అను’ అక్షరాలతో కూర్చిన తెలుగు తెరపై ముత్యాల వలె కనబడుతుంది గాని, దాని లోపల ఉండేవి ఆంగ్లాక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫోను వాటినే చదివి గందరగోళం వినిపిస్తుంది. పాత ‘ఇన్‌పేజ్’లో కూర్చిన ఉర్దూ గతి కూడా అంతే. ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య గల యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు.

చిత్రంలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు ఉన్నది కదా అనవచ్చు. ఉన్నది. కాని వంకరగా తీసిన ఫొటోలో, ముద్ర పడిన చోట అది తప్పు చదువుతుంది. తేదీలో ఒక్క అంకె తప్పితే ఆత్మకూరు విద్యార్థి నంద్యాలకో, కర్నూలుకో బస్సెక్కి విచారించవలసి వస్తుంది. అప్పటికి గడువు దాటవచ్చు.

మిత్రులు చదివి వినిపించరా అన్నది మరొక మాట. స్నేహం గొప్పదే. అయితే బ్యాంకు రహస్య సంఖ్యను, ఇంటి నుండి వచ్చిన ఉత్తరాన్ని, తప్పిన పరీక్ష మార్కులను పరుల నోట వినవలసిన అగత్యం ఎవరికి ఇష్టం? ఒకరిద్దరి కొరకు ఇంత శ్రమ ఎందుకనడమూ న్యాయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలన్నది. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది హక్కే గాని, దయాభిక్ష కాదు.

కనుక కళాశాల సంఘానికి నా విన్నపం ఇది. ప్రతి ప్రకటననూ ఫొటోతోపాటు యూనికోడ్ అక్షరాలలో కూడా పంపాలి. ఈ వార్షిక సంచిక యొక్క తెలుగు, ఉర్దూ భాగాలను రెంటినీ అదే విధంగా ఫోనులో చదువుకొనే ప్రతిగా వెలువరించాలి. విద్యార్థి మిత్రులు తమ ఫోనులో ‘టాక్‌బ్యాక్’ను ఒక పూట నేర్చి, అవసరమున్న తోటివారికి నేర్పాలి. ఇందుకు భవనాలు అక్కరలేదు, విరాళాలు అక్కరలేదు. నాలుగు పంక్తులు టైపు చేసే ఓపిక చాలు. అపార ధనం వెచ్చించి ప్రపంచం ఫోనుకు గొంతునిచ్చింది. ఆ గొంతుకు పలుకదగిన అక్షరాన్ని అందించడం మన వంతు.