కొరత శిక్షలో కాదు, పట్టింపులో

ఆన్‌లైన్ వేధింపును ఒంటిమీది దెబ్బలాగే శిక్షించాలా అన్న ప్రశ్నకు మన చట్టం ఇప్పటికే జవాబు చెప్పింది. భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయం చేసినవాడికి గరిష్ఠంగా ఏడాది జైలు. ఒక స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై కన్నేసి వెంటాడినవాడికి తొలి నేరానికే మూడేళ్ల దాకా పడవచ్చు. చంపుతానని బెదిరిస్తే, అది వాట్సాప్‌లోనైనా సరే, ఏడేళ్ల వరకు ఉంది. అంటే కొరత శిక్షలో కాదు, పట్టింపులో. నెత్తురోడుతూ వచ్చినవాణ్ణి చూసి కదిలే స్టేషన్, మార్ఫింగ్ ఫొటో పట్టుకొచ్చిన అమ్మాయికి "అకౌంట్ తీసేయమ్మా" అని సలహా చెప్పి పంపేయడం కొత్తేమీ కాదు. ఈలోగా ఆ ఫొటో కాలేజీ గ్రూపు నుంచి బంధువుల గ్రూపుకు చేరుతుంది. దెబ్బ ఒకసారి తగులుతుంది. ఫొటో ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ తగులుతుంది. కఠినంగా వ్యవహరిస్తే విమర్శకుల నోరు నొక్కేస్తారన్న భయం ఉత్తది కాదు. అందుకే 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. అయితే ఆ తీర్పు కాపాడింది ఎదుటివారికి నచ్చని మాటనే తప్ప బెదిరింపును కాదు. గీత అక్కడే గీయాలి: వెటకారం, ఘాటైన రాజకీయ విమర్శ ఎవరినీ జైలుకు పంపకూడదు, బెదిరింపు, వెంటాడటం, నగ్నచిత్రాల పంపకం దాడి కిందే లెక్క. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారులకే పరిమితం. ఎస్సైలకూ శిక్షణ ఇచ్చి ఆ అధికారం అప్పగించాలి. కొత్త శిక్షలు రాసేకంటే ఫిర్యాదు అందిన రోజే ఎఫ్‌ఐఆర్ రాయడం ముఖ్యం.