శిక్షణశాలలో స్వకీయ రహస్యములు

హైదరాబాదు మొదలగు నగరములలోని పెద్ద ఉద్యోగశాలలందును, అంతర్జాలము మూలమున గృహములందును, ఇటీవల ఒక నూతనవిధమైన శిక్షణము ప్రబలుచున్నది. ఆటిజము, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ అను పేళ్లతో వ్యవహరింపబడు మనస్సులు గలవారికి కోచింగును, మెంటారింగును ఎట్లు చేయవలయునో నేర్పు శిక్షణమిది. కోచింగనగానే మన గృహస్థులకు ప్రవేశపరీక్షలకై పిల్లలను తెల్లవారకమునుపే లేపి వల్లెవేయించు శాలలు స్ఫురించును. ఇది అది కాదు. ఒకని మాటలను ఓర్పుతో విని, ప్రశ్నలడిగి, వాని కర్తవ్యమును వానిచేతనే తేల్పించుట కోచింగు. అనుభవజ్ఞుడు క్రొత్తవానికి తోడై దారి చూపుట మెంటారింగు. విద్య మంచిదే. దానిని నేర్పు పద్ధతివలన నేర్వవచ్చినవారికే కలుగుచున్న హానినిగూర్చి మాత్రమే మేమిచట వాదించుచున్నాము.

మనుష్యుల మెదళ్లన్నియు ఒక్క అచ్చున పోసినవి కావనియు, ఆ భేదమునంతను రోగమని యెంచరాదనియు చెప్పు భావమునకు న్యూరోడైవర్సిటీ అని పేరు. మనోవైవిధ్యమని తెలుగున చెప్పుకొనవచ్చును. 1998లో జూడీ సింగరను ఆస్ట్రేలియా విదుషి తన సిద్ధాంతవ్యాసమునందును, హార్వే బ్లూమను అమెరికా రచయిత ఒక పత్రికయందును ఈ మాటను వాడిరి. అంతకుముందే ఆటిజముగలవారు తమలో తాము జరుపుకొన్న చర్చలలో ఈ భావము మొలకెత్తి పెరిగినది. తమనుగూర్చి పరులు చెప్పుచుండగా విని విని విసిగినవారు తమ మాట తామే చెప్పుకొనుటకై పెంచుకొన్న భావమిది. అట్టిదానిని నేర్పు శాలయందే, ఇతరుల అభ్యాసమునకై వారి నోటినుండి కథలు పిండుచుండుట యెంత విపరీతము!

ఇట్టి శిక్షణమునకు వచ్చువారెవరో విచారింపుడు. ఊరక కుతూహలముచే వచ్చువారు కొందఱే. బిడ్డకు ఆటిజమున్నదని వైద్యునివలన విన్న తల్లి వచ్చును. నలువదియేండ్లు నిండినపిదప, బడిలో తాను తిన్న దెబ్బలకు కారణము తన సోమరితనము గాక ఏడీహెచ్‌డీ యేమోయని అనుమానించు ఉద్యోగి వచ్చును. ఉపాధ్యాయుడు మాత్రము "వారు", "అట్టివారు" అని పాఠము చెప్పుచుండును. ఆ "అట్టివారు" తన యెదుటనే వరుసలు తీరి కూర్చున్నారని ఆయనకు తోచదు.

ఇక అభ్యాసము. విద్యార్థులను ముగ్గురేసిగా విభజింతురు. ఒకరు కోచి, ఒకరు సాయము కోరువారు, ఒకరు పరిశీలకులు. "కల్పితమైన సమస్యను తేవలదు, మీ జీవితమందలి నిజమైన సమస్యనే తెండు" అని ఆదేశము. కల్పితముతో అభ్యాసము చప్పబడునని వారి హేతువు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఎదుట కోచియై కూర్చున్నవాడు నిన్న పాఠము మొదలిడిన శిష్యుడు. ప్రశ్న వేయుట నేర్చెను, ప్రశ్న నాపుట యింకను నేర్వలేదు. సూది పట్టుట నేర్చుకొనుచున్నవానికి పత్తిదిండునిత్తురు గాని ప్రక్కవాని చేయినిత్తురా?

ఆ శిష్యుడు పుస్తకములో నున్నట్లు "ఆ బాధ మీకు ఎట్లు తోచుచున్నది?" అని అడుగును. ఆటిజముగలవారిలో చాలమందికి తమలోని భావమును గుర్తించి దానికి వెంటనే పేరుపెట్టుట కష్టము. ఆ మౌనమును మొండితనమనుకొని వాడు మఱియొక ప్రశ్న గ్రుచ్చును. అడుగబడినవారు చిన్ననాటినుండి అలవడిన ఉపాయమునే పన్నుదురు: ఎదుటివారికి నచ్చు జవాబును కూర్చి, నవ్వుముఖము పెట్టుకొని చెప్పుదురు. తమ స్వభావమును కప్పిపుచ్చుకొని బ్రదుకుటకును, ఆత్మహత్యాభావములకును సంబంధము గలదని ఆటిజముగల వయోజనులపై ఇంగ్లండులో జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధనయందు తేలినది. అట్టి కప్పిపుచ్చుటను మాన్పింతుమని ప్రతిజ్ఞ చేయు శిక్షణమే దానిని మఱల చేయించుచున్నది. పాఠాంతమున "అందఱును బాగున్నారా?" అన్న ప్రశ్నకు "బాగున్నాము" అను జవాబే వచ్చును. చెప్పినమాట బరువు అనేకులకు ఆ రాత్రి, ఇంటిల్లిపాదియు నిద్రించినపిదప తెలియవచ్చును. అప్పటికి శాల మూతపడియుండును.

మన కుటుంబముల సంగతి మా పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అన్నకు ఆటిజమున్నదని పొక్కిన చెల్లెలి సంబంధము వెనుకకుపోవును. ఇది అన్యాయమని మేమును అందుము, మీరును అందురు. అయినను పెండ్లిచూపులనాడు ఆ చెల్లెలి యెదుట మనమెవరమును ఉండము. ఉద్యోగశాలలో నడచు శిక్షణమందైతే పై యధికారి అదే గదిలో ప్రక్క కుర్చీయందుండును. "నాకు గడువులు జ్ఞాపకముండవు" అని అభ్యాసార్థమై చెప్పినమాట ఆ సంవత్సరాంతమున జీతము పెంచు వేళ ఆయనకు జ్ఞప్తికి రాకుండునా? అంతర్జాల శిక్షణమందు ఇదియంతయు యంత్రమున కెక్కి, "రాలేకపోయినవారి సౌకర్యార్థము" అందఱికిని పంపబడుచుండును. ఎంత సౌకర్యము!

చట్టములు లేవా యందురేమో. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో పుట్టి 2017లో అమలులోనికి వచ్చినది. అందలి 21 వైకల్యములలో ఆటిజమును, డిస్లెక్సియావంటి అభ్యసన వైకల్యములును కలవు. ఏడీహెచ్‌డీ పేరు ఆ పట్టికలో లేదు. ఆ చట్టము వివక్షను నిషేధించును గాని, జాఱిన రహస్యమును మఱల నోట పెట్టజాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి విషయములను గుట్టుగ నుంచవలయునని చికిత్సకుని బంధించును. కోచి చికిత్సకుడు కాడు. వికలాంగ బాలురకు పాఠము చెప్పు ప్రత్యేకోపాధ్యాయుడు 1992 నాటి చట్టము ననుసరించి పునరావాస మండలియందు పేరు నమోదు చేసికొనవలయును. కోచియని పలక కట్టుకొనుటకు ఏ నమోదును అక్కఱలేదు. ఈ వృత్తివారి అంతర్జాతీయ సంఘములకు నీతినియమావళులు కలవు, మంచివే. కాని సంఘమున చేరుట ఐచ్ఛికము, చేరనివానిని అవి అంటవు.

"మేమెవరిని బలవంతపెట్టితిమి? ఇష్టమున్నవారే చెప్పుడంటిమి గదా" అని నిర్వాహకులందురు. మొదట గురువుగారే కన్నీటితో తమ కథ చెప్పి, పిమ్మట వలయముగ కూర్చున్నవారిని ఒక్కొక్కరిని చూతురు. ఎనమండుగురు చెప్పిరి. తొమ్మిదవవారు చెప్పకుండగలరా? పంక్తిలో అందఱును భుజించుచుండ విస్తరి ముందునుండి లేచిపోవుట యెట్టిదో మనకు తెలియును. ఇట్టి ఇష్టమునకు ఇష్టమని పేరుపెట్టుట మాటలతో చేయు గారడి.

స్వానుభవము వినకున్న ఈ విద్య రాదనుట రెండవ వాదము. అంగీకరించుచున్నాము. ఇంగ్లండులో ఆలివర్ మెక్‌గవనను ఆటిజముగల పదునెనిమిదేండ్ల యువకుడు 2016లో ఆసుపత్రియందు మరణించినపిదప, అతని తల్లిదండ్రుల ఉద్యమఫలముగ, వైద్యసేవాసిబ్బందికి ఆటిజమునుగూర్చియు అభ్యసన వైకల్యమునుగూర్చియు శిక్షణము తప్పనిసరి యని 2022లో చట్టము చేసిరి. అతని పేర ఏర్పడిన ఆ శిక్షణమందు ఆటిజముగలవారును బోధకులుగ నుందురు. ఏది చెప్పవలయునో, ఏది దాచుకొనవలయునో ముందే యోచించుకొని, బోధకస్థానమున నిలిచి, వేతనము పుచ్చుకొని చెప్పుట యొకటి; రుసుము చెల్లించి నేర్వవచ్చి, పాఠ్యవస్తువై పోవుట మఱియొకటి. ఇక చెవులకు రొదపెట్టి, అక్షరములు తారుమారు చేసి "వారి కష్టము మీరును అనుభవింపుడు" అను నటనలున్నవి. డిస్లెక్సియా మొదలగువాటి నటనలపై అమెరికాలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధనయందు, వానివలన నటించినవారిలో నిస్సహాయభావము పెరిగినదే గాని, అట్టివారితో మెలగుట విషయమున దృష్టి మెఱుగుపడలేదని తేలినది.

ఒక్క హెచ్చరిక. రక్షణమనగానే కొందఱు ప్రవేశపత్రమందే వైద్యధ్రువపత్రమడిగి, "మీ క్షేమము కొఱకే" అని ఆటిజముగలవారిని చేర్చుకొనుట మానవచ్చును. రక్షణమను పేరనే స్త్రీలను తరతరములు గడపదాటనీయని దేశము మనది. ఆ తర్కము మనకు క్రొత్త కాదు. మేము కోరునది తలుపు మూయుట కాదు. సరిగ సర్దని బీరువా, సాగని వ్యాయామము వంటి చిల్లర సమస్యతో అభ్యాసము చేయుటకు సెలవుండవలెను. కారణము చెప్పకయే "నావంతు వలదు" అనుటకును, లేచిపోవుటకును స్వాతంత్ర్య ముండవలెను. అధికారియు, అతని క్రింది ఉద్యోగియు ఒక త్రయమున కూడరాదు. అభ్యాసములను యంత్రమున కెక్కింపరాదు. బాధ కలిగినవారు మఱునాడైనను పోయి చెప్పుకొనుటకు, గురువుగాక వేఱొకరు, పేరుతో సహా తెలియుచుండవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ సంఖ్య 14416ను పలకపై వ్రాసి చేతులు దులుపుకొన్న చాలదు.

మా పాఠకులలో ఇట్టి శిక్షణమున చేరదలచినవారు రుసుము కట్టకమునుపే నిర్వాహకులకొక జాబు వ్రాయుదురు గాక. నేను చెప్పుకొన్నది ఎవరి చెవిని పడును, ఎంతకాలము ఎచ్చట నిలువయుండును? మాటలాడక ఊరకుండినను నాకు యోగ్యతాపత్రమిత్తురా? ఈ రెంటికిని వ్రాతమూలమున జవాబు రాని శిక్షణమునకు డబ్బు కట్టకుడు.