భయం చేరింది, పరీక్ష చేరలేదు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మన ఆడవాళ్లకు అవగాహన లేదని అధికారులూ డాక్టర్లూ తరచూ అంటుంటారు. అందులో సగమే నిజం. పరీక్ష ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. కానీ క్యాన్సర్ భయం తెలుగు పల్లెలకు ఎప్పుడో చేరింది. తెల్లబట్ట అవుతోందనో, నడుం లాగేస్తోందనో, నెలసరి పది రోజులైనా ఆగడం లేదనో పట్నం వెళ్లిన ఎందరో స్త్రీలకు దొరికిన జవాబు ఒకటే: గర్భసంచికి పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది, తీయించేసుకో.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క చూడండి. 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతం. తమిళనాడు పది శాతానికి దగ్గరగా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఐదు శాతం లోపే ఆగిపోయాయి. అదే సర్వేలో, 15-49 ఏళ్ల వారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో మూడు శాతం చుట్టూ ఉంటే మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిది శాతం దాటారు. అంటే పరీక్ష చేయించుకున్న వాళ్లకంటే సంచి పోగొట్టుకున్న వాళ్లే ఎక్కువ. అవసరమై చేసిన ఆపరేషన్లూ వీటిలో ఉంటాయి, కాదనలేం. కానీ అనవసరంగా గర్భసంచి తొలగించడం ఎంత పెరిగిందంటే, దాన్ని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గే మామూలు ఇన్ఫెక్షనే. ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఈ సంగతి కనిపెట్టిన హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. వైరస్ సోకిన చాలామందిలో అది దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి నిలిచి కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ముందే పట్టుకోవడానికి అది చాలా వ్యవధి. అయినా 2022లో దేశంలో దాదాపు 1.27 లక్షల మందికి ఇది కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

ఆ వ్యవధిని వాడుకునే దారిని చూపించింది మన దేశమే. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు పలచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి పూసి, తెల్లబడిన చోటును కంటితోనే గుర్తించి చికిత్స చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఇదే పరీక్షను డాక్టర్లతో కాకుండా శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలతో చేయిస్తే 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో హెచ్‌పీవీ పరీక్ష ఒక్క విడత చేసి, తేడా ఉన్నవారికి చికిత్స అందిస్తే మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. 2016లో కేంద్రం కూడా 30-65 ఏళ్ల ప్రతి మహిళకూ ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

మరి ఎక్కడ ఆగింది? ఏ బాధా లేని మనిషి కూలి పోగొట్టుకుని ఆరోగ్య కేంద్రానికి రావాలి. ఇంట్లో ఒప్పించి రావాలి. వచ్చాక తలుపున్న గది ఉండాలి, పరీక్ష చేసేది ఆడమనిషి అయ్యుండాలి. తేడా కనిపిస్తే ‘జిల్లా ఆసుపత్రికి పో’ అని చీటీ రాసిచ్చి పంపితే చాలామంది మళ్లీ కనిపించరు. అనుమానమున్న భాగాన్ని వేడితో కాల్చే చిన్న పరికరాలు వచ్చాయి, సంచి తీయక్కర్లేకుండా ఆ చికిత్స అదే రోజు ముగిసిపోతుంది. హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేసింది. సిగ్గుకు, మరుగు లేని గదికి ఇంతకన్నా మంచి విరుగుడు నాకు కనిపించడం లేదు. ఇంటింటి సర్వేలో ప్రశ్నలడిగి ఫారం నింపడాన్ని మాత్రం పరీక్షగా లెక్కించకూడదు.

నమ్మకం సంగతీ ఉంది. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. కొందరు బాలికలు చనిపోయారు, కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చినా, అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, అవసరమైనదే. కానీ చెప్పకుండా చేసిన మేలును జనం మేలుగా గుర్తుపెట్టుకోరు. ఇప్పుడు పరీక్షల విషయంలోనూ ఆశా కార్యకర్త చేతికి టార్గెట్ ఒక్కటే ఇస్తే అదే జరుగుతుంది.

తెలంగాణలో 2023లో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లకు మంగళవారం కేటాయించారు. ఇలా రోజు ఖాయంగా ఉండటం మంచి పద్ధతి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఎందరిని పరీక్షించాయన్నదే కాక, తేడా ఉన్నవారిలో ఎందరికి చికిత్స పూర్తయిందో కూడా జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. ముప్పై దాటిన ప్రతి తల్లికీ, అక్కకూ, చెల్లికీ చెప్పేది ఒకటే: సంచి తీసేయాలని ఎవరైనా అంటే, ముఖద్వారం పరీక్ష చేశారా, ఫలితం ఏమొచ్చిందని అడగండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.